పండగ కాకముందే మామిడిపళ్ల సంచితో పోతవ్వ ఊరికి

మా నాన్న బడిపంతులు. నా చిన్నప్పుడు ఆరేళ్ల పాటు భద్రాచలం దాటాక ఒక చిన్న కోయ ఊళ్లో పనిచేశారు. ఊరికి ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. కిందటి వారం ఖమ్మం దవాఖానాలో ఆ ఊరాయన ఒకరు కనిపించి, "పోతవ్వకు కండ్లు ఆనుతలేవు. పంతులు బిడ్డ ఏమైందని అడుగుతనే ఉంటది" అన్నాడు. పోతవ్వ అంటే నా స్నేహితురాలు సమ్మక్కకు నాయనమ్మ. నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నాకూ నాయనమ్మే. ఆ మాట విన్నాక ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. ఆవిడకు నేనొక మామిడిపండు బాకీ. ఆ కథ బస్సులో చెబుతాను. ముందు రోజు సాయంత్రం బజారుకు వెళ్లి, సీజన్ మొదలని బేరమాడకుండా నూట ఇరవై పెట్టి డజను బంగినపల్లి కొన్నాను.

ఖమ్మంలో పొద్దున అయిదున్నరకు భద్రాచలం బస్సు ఎక్కాను. టికెట్ అరవై లోపే. వైరా, తల్లాడ, కొత్తగూడెం మీదుగా వెళుతుంది. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే ఎండ తగలదు. పాల్వంచలో రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఎక్కి, నిలబడే కునుకు తీశారు. అక్కడి నుంచి అడవి దగ్గరపడి, ఇప్పపువ్వు వాసన బస్సులోకి వచ్చింది. ఆ వాసనతోనే నాకు తొమ్మిదేళ్లు వచ్చేశాయి. తెల్లారకముందే తట్టలు పట్టుకుని నేనూ సమ్మక్కా పువ్వు ఏరడానికి పరిగెత్తేవాళ్లం. ఏరింది తక్కువ, తిన్నది ఎక్కువ. ఎండెక్కితే గోదావరి. ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తాగడం, తువ్వాలుతో చేపపిల్లల్ని పట్టి మళ్లీ వదిలేయడం, తునికిపళ్లు గుప్పెట్లో పెట్టుకుని ఈత కొట్టడం. చెప్పులు ఎన్ని జతలు పోగొట్టానో మా అమ్మను అడగాలి. మమ్మల్ని ఎవరూ వెతికేవాళ్లు కాదు. ఆకలైతే పోతవ్వ ఇంటి ముందు తేలతామని అందరికీ తెలుసు.

ఆ ఊళ్లో ఒక కట్టు ఉంది. మామిడి కొత్త పండగ చేసి, కాయను ముందు దేవతలకూ పెద్దలకూ పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. ఒక ఏడు పండగ ఇంకా నాలుగు రోజులుందనగా చెట్టు కింద రాలిన కాయ ఒకటి నాకు దొరికింది. నేను కొరికి, సమ్మక్క చేతా కొరికించాను. గోదావరిలో నోళ్లు కడుక్కుని బుద్ధిమంతుల్లా ఇంటికి వచ్చాం. పోతవ్వ మా ఇద్దరి నోళ్లూ వాసన చూసింది, అంతే. తిట్టలేదు, కొట్టలేదు. "పిల్లలు తిన్నరు, నేను ఓర్చుకుంట" అని దేవతకు మొక్కుకుని, ఆ ఏడంతా మామిడి ముట్టలేదు. పండగ రోజు ఊరంతా తింటుంటే ఆవిడ మాకు ముక్కలు కోసిపెట్టి ఊరికే కూర్చుంది. ఆ ఎండాకాలమే నాన్నకు బదిలీ అయింది. అదీ నా బాకీ.

తొమ్మిదీ పావుకు భద్రాచలంలో దిగి ఇడ్లీ తిన్నాను. ఊరివైపు షేర్ ఆటోకు మనిషికి పదిహేను. తిరుగు బండి దొరకదేమోనని రెండు వందలకు ఒక ఆటో కిరాయి మాట్లాడుకున్నాను. ఆటో ఆయన పేరు ఖాజా, ఇల్లందు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఊరు రెండు కిలోమీటర్లు ఉందనగా వెనక్కి తిరిగి అడిగాడు.

"అక్కా, సంచిల మామిడిపండ్లేనా?"

"అవును. ఊళ్లో మా అవ్వకు."

"పండగైందా మరి? ఆళ్లు ఇంక చేసుకోలే అనుకుంట."

ఇరవై రెండేళ్లు ఈ సంగతే తలుచుకుంటూ బతికినదాన్ని, సరిగ్గా ఆ సంగతే మరిచి సంచి మోసుకొచ్చాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. వెనక్కి పోదామా అంటే అవ్వను చూడకుండా కాళ్లు కదలవు.

"గింత దానికి పరేషాన్ ఎందుకక్కా, బండ్ల పెట్టిపో. నేను జూస్త" అన్నాడు ఖాజా. సంచి సీటు కింద దాచి, ఊరి బయట ఆటో ఆపించి, సీసాలో నీళ్లతో చేతులు కడుక్కుని ఊళ్లోకి నడిచాను.

సమ్మక్క నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక చేతిలో చీపురు పడేసి వాటేసుకుంది. పోతవ్వ పందిరి కింద నులక మంచం మీద ఉంది. చిక్కి సగమైంది. "అవ్వా, పంతులు బిడ్డ వచ్చింది" అని సమ్మక్క చెవిలో చెబితే, నా ముఖం తడిమి, నా రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్న చేతుల్ని ముక్కు దగ్గరకు తీసుకుంది.

"మామిడిపండు వాసనొస్తంది. తిన్నవా?"

"లేదవ్వా, ఒట్టు. నీకు తెచ్చిన. పండగ కాలేదని మరిచిన."

"మరి యాడ దాచినవ్?"

సమ్మక్క కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకేమో ఏడుపు వచ్చింది. ఆ ఏడు నువ్వు మా వల్ల తినలేదు, అందుకే తెచ్చాను అని కక్కేశాను.

"దాస్తే ఒక్కదానివే మోయాలె. చెప్తే నలుగురం మోస్తం" అంది పోతవ్వ. "పండగ ఇంక పన్నెండు దినాలుంది. గప్పటిదాంక నువ్ గూడ ముట్టకు. ఉత్త చేతులతోటి రా. మన చెట్టు కాయ తిందాం."

మధ్యాహ్నం జొన్నగటక, చింతచిగురు పప్పు పెట్టారు. తిన్నాక నేనూ సమ్మక్కా గోదావరికి వెళ్లి, చీరలు ఎగ్గట్టి చెలమ తవ్వాం. నీళ్లు పడ్డాయి, అదే తీపి. నాలుగింటికి బయలుదేరి, పళ్ల సంచి ఖాజాకు ఇచ్చేశాను. "పొలిమేర దాటినంక తింట అక్కా" అన్నాడు. అన్నట్టే దాటాక ఒకటి ఒలిచాడు. ఆరింటి బస్సు పట్టుకుని తొమ్మిదిన్నరకు ఖమ్మం చేరాను.

ఇది రాస్తున్న రోజుకు పండగ ఇంకా అయిదు రోజులుంది. ఇంట్లో అందరూ రసాలు జుర్రుతున్నారు, నేను చూస్తూ కూర్చుంటున్నాను. ఆ ఏడు అవ్వ కూర్చున్నట్టే. కష్టంగా ఏమీ లేదు, చెప్పొద్దూ, హాయిగా ఉంది. ఆ అడవీ ఆ నదీ మాకు అంత స్వేచ్ఛనిచ్చాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. మా తప్పులు తను మోసి మమ్మల్ని ఆడుకోనిచ్చింది పోతవ్వ.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వేసవిలో ఎవరింటికైనా వెళుతుంటే అరటిపళ్లో బెల్లమో పట్టుకెళ్లండి. మామిడిపళ్లయితే ముందు "పండగైందా?" అని అడగండి. నేను మాత్రం ఉత్త చేతులతోనే వెళుతున్నాను. అవ్వ నోట్లో మొదటి ముక్క నన్నే పెట్టమంది సమ్మక్క.