భంతేగారి రోల్డుగోల్డు బొమ్మ

కృష్ణమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నమ్మనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం నష్టం లేదు.

తొంభైల్లో ఒకసారి మా అనంతపురం నుంచి వచ్చి, బందరులో అవనిగడ్డ బస్సెక్కాను. నా పక్క సీట్లో, శిష్యులు భంతేగారూ అని పిలిచే ఒక ముసలి బౌద్ధ భిక్షువు కూర్చున్నారు. ఆయన్ని దివిసీమలో తమ ధ్యానమందిరానికి తీసుకెళ్తున్న కాంతమ్మగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఒళ్లో మూట విప్పారు. జానెడు బంగారు విగ్రహం. బుద్ధుడనుకున్నాను. కాదు, బట్టతలా కళ్లజోడుతో సహా నా పక్కనున్నాయనే!

"చిలకలపూడిలో చేయించామండీ భంతేగారూ. రోల్డుగోల్డే గానీ ఐదేళ్లు గ్యారంటీ ఇచ్చారు. రేపు మందిరంలో నిలబెడతాం."

"నాకే లేదమ్మా అంత గ్యారంటీ. దాన్ని పెడితే నేను మీ గడప తొక్కను."

"తొక్కకపోతే మానెయ్యండి. ఈయన ఉంటారుగా!"

బస్సంతా నవ్వింది. భిక్షువు నవ్వలేదు.

"నన్ను పట్టుకుని వేలాడటానికా తల్లీ, ఇన్నేళ్లు ధ్యానం నేర్చుకుంది?"

పులిగడ్డ దగ్గర బస్సు కృష్ణ దాటుతుండగా ఆయన ఆ విగ్రహాన్ని లాక్కుని, కిటికీలోంచి నదిలోకి విసిరేశారు.

సరే, ఒక్క అబద్ధం ఒప్పుకుంటాను. విసిరింది ఆయన కాదు, కాంతమ్మగారే. ఉన్నదున్నట్టు చెబితే కట్టుకథ అంటారని మార్చాను. ఆయన మాత్రం వంతెన దాటేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక్కి చూస్తూనే ఉన్నారు.