నీటి అంచున పాతిన పుల్ల

సినిమావాళ్లు గోడలకు పూసిన బురదకు వాసన లేదు. ఎర్రమట్టిలో ఏదో జిగురు, రంగు కలిపి డ్రమ్ముల్లో తెచ్చి పైపులతో కొట్టారు. చూడటానికి అచ్చం వరద తీసిన ఇంటి గోడలాగే ఉంది, నడుమెత్తున నీటి గీత కూడా గీశారు, కానీ దగ్గరికి పోయి ముక్కు ఆనిస్తే కొత్తింటి రంగు వాసన వచ్చింది తప్ప గోదారి వాసన రాలేదు. గోదారి ఒండ్రుకు ఒక వాసన ఉంటుంది. చేప పొలుసు, కుళ్లిన గడ్డి, ఎక్కడో పై అడవుల్లో నానిన ఆకు, తడిసిన పొగాకు, అన్నీ కలిసి, దాని మీద ఎండ పడితే గొంతులో పట్టుకుంటుంది. తొమ్మిదేళ్లప్పుడు అది నా జుట్టులోకి ఎక్కింది. కుంకుడుకాయ పెట్టి ఎంత రుద్దినా నా మటుకు నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు అశ్వారావుపేటలో నేను కిరాయికి ఉంటున్న గదికి పామాయిల్ మిల్లు వాసన పొద్దుమాపు వస్తూనే ఉంటుంది. ఆ వాసన కింద ఈ వాసన ఉంటుంది.

నాకు సంతకం వరకే చదువు. పక్కింటి అమ్మాయి రాసిపెడతానంటే కూర్చుని చెబుతున్నాను. మధ్యలో నేను ఆగితే తనూ ఆగమన్నాను, అంతే.

మా ఊరు భద్రాచలానికి దిగువన, ముందు గోదారి, వెనక అడవి, రెంటి నడుమ ఇరికించినట్టు కొన్ని మట్టి ఇళ్లు. ఎండాకాలమంటే మాకు అడవే. ఇప్పపూలు రాలే రోజుల్లో చెట్ల కింద నేలంతా తీపి వాసన, గంప నింపుకుని వచ్చేసరికి ఒళ్లంతా అదే వాసన, తర్వాత తునికాకు కోత, వేళ్లకు ఆకు పసరు అంటి అన్నం ముద్ద చేదెక్కేది, దారిలో మొర్రిపండ్లు, తునికిపండ్లు దొరికినన్ని తిని, గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారో పందెం. రామనవమికి మిరియాలు దంచి వేసిన పానకం ముంతలతో తాగి, అవతలి ఒడ్డు నుంచి పడవల్లో వచ్చే జనాన్ని చూస్తూ ఇసుకలో కాళ్లు కాలేదాకా నిలబడేవాళ్లం. వాన మొదలైతే పుట్టకొక్కుల కూర, వెదురు కొమ్ముల కూర, పొయ్యి మీద ఆరేసిన బట్టల పొగ వాసన. తొలి ఏకాదశికి నాయనమ్మ జొన్న పేలాలు బెల్లం వేసి దంచేది. ఆమె తుంటి ఎముక ఎప్పుడో విరిగి సరిగ్గా అతకలేదు, అందుకని ఒక కాలు బారచాపి, రోలును ఆ కాలికి ఆనించుకుని దంచేది. పేలపిండి నోట్లో పోసి, ‘ఇప్పుడు నా పేరు చెప్పు’ అనేది. మేం ‘వెంకమ్మ’ అనబోతే పిండంతా ఆమె మొహం మీద పడేది. ఆమె నవ్వు చూడటానికే మేం ఆ పేరు చెప్పేవాళ్లం.

నాయనమ్మకు గోదారి అంటే పెళ్లయి అత్తారింటికి పోయిన ఆడబిడ్డ. ఏటా వానలకు నీళ్లు వీధి మొగదాకా వచ్చేవి, వెనక్కి పోయేవి. అట్లా వచ్చినప్పుడల్లా నాయనమ్మ చాటలో బియ్యం పోసి, పసుపు కలిపి, కుంకుమ, రెండు గాజులు పెట్టి, పాక్కుంటూ అయినా నీటి అంచుకు పోయి, కూతురికి ఒడిబియ్యం పోసినట్టే దోసిళ్లతో నీళ్లలో పోసేది. ‘ఆడిబిడ్డ పుట్టింటికొచ్చింది, ఉత్తచేతుల్తోని పంపొద్దు’ అనేది. బియ్యం పోసిన మర్నాటికో మూడోనాటికో నీళ్లు తీసేవి. మేమంతా అది నాయనమ్మ గొప్పే అనుకునేవాళ్లం.

మా నాయిన నమ్మకం వేరే. ఆయన పుల్లను నమ్మేవాడు. గోదారి పెరుగుతుంటే నీళ్లకు సరిగ్గా అంచున ఒక పుల్ల పాతి, దాని దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టడం మా ఊళ్లో వాడుక. పెద్దలు సామాన్లు సర్దుకోవాలి, పశువుల్ని తోలుకోవాలి, వాళ్లకు తీరిక ఉండదు. పుల్ల చుట్టూ నీళ్లు చేరి జానెడు దాటితే పిల్ల పరుగెత్తి చెప్పాలి. దానికో కట్టుబాటు ఉంది. మునిగిన పుల్లను పీకకూడదు. అది మునిగిన చోటే ఉండాలి, కొత్త పుల్ల పైన కొత్త అంచున పాతాలి. పెద్దవాళ్లు వచ్చి చూస్తే వెనక నీళ్లలో ఎన్ని పుల్లల కొనలు కనబడుతున్నాయో, గోదారి ఎంత నడిచిందో అర్థమవుతుంది. ఆ పని నాకు అప్పజెప్పినందుకు నేను మెడ ఎత్తుకుని తిరిగేదాన్ని.

ఆ ఏడు వరద సంగతి దేశమంతా పేపర్లో చదివింది, రేడియోలో విన్నది. మాకు మాత్రం అది ఒక పొద్దుటి పూట. వాన తెరిపివ్వలేదు. నాయిన ముందు అమ్మనూ చంటి తమ్ముణ్నీ పశువుల్నీ పెద్దమిట్ట మీదికి చేర్చాడు. తర్వాత తన తల్లిని ఎక్కించబోతే నాయనమ్మే వద్దన్నది.

‘ఒడిబియ్యం పోయకుంట నేనెట్ల వస్తరా? నీళ్లు గడప కాడికి రానియ్యి. ముందుగాల ఇత్తనాల గింజలు మిట్టకెక్కియ్యి.’

నాయిన బండికి విత్తనాల బస్తాలు ఎత్తుతూ నాతో, ‘పుల్ల కాడ్నుంచి కదలకు భద్రమ్మా’ అన్నాడు. నేను కదల్లేదు. జానెడు దాటగానే పరుగెత్తి చెప్పాను. అందరూ వచ్చి చూసేసరికి నీళ్లు నాలుగు వేళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. రెండోసారీ అట్లాగే అయింది. మా పెదనాయిన, నాయినకు అన్న, నోరు పెద్దది, వీధంతా వినేటట్టు నవ్వాడు.

‘ఏందే, గోదారి నీ చెవుల చెప్పి వస్తున్నాదే? ఇంకోపాలి ఉత్తగ ఒర్రితే ఆ పుల్లతోనే కొడత.’

అందరూ నవ్వారు. నాకు మొహం కాలింది. ఇక పుల్లవైపు చూడకుండా వీపు తిప్పి కూర్చుని నత్తగుల్లలు ఏరుకుంటూ గుజ్జనగూళ్లు ఆడుకున్నాను. ఎంతసేపు ఆడానో తెలియదు. తిరిగి చూస్తే పుల్ల కొన ఒక్కటే కనబడుతోంది. చూడలేదని తిడతారన్న భయం, చెబితే మళ్లీ నవ్వుతారన్న సిగ్గు. రెండూ కలిసి నా చెయ్యి ముందుకు పోయింది. పుల్ల పీకాను. కొత్త అంచున పాతాను. కాసేపటికి మళ్లీ మునగబోతే మళ్లీ పీకి పాతాను. ఇంకోసారి కూడా. ఆ పుల్ల తడి ఇప్పటికీ నా అరచేతికి తెలుసు.

నాయిన వచ్చాడు. ‘ఎట్లుందే?’

‘గట్లనే ఉంది నాయినా. పుల్ల కాడ్నే ఆగింది.’

ఆయన పుల్లను చూశాడు. ఒక్క పుల్ల, దాని మొదట్లో నీళ్లు. వెనక నీళ్లలో ఇంకే కొనా లేదు. ‘అయితే ఇంకో బండి దింపొచ్చి నాయనమ్మను తీస్కపోత’ అని ఎడ్లను అదిలించాడు.

బండి మలుపు తిరిగి పోయింది. తర్వాత నీళ్లు నేను చూస్తున్న వైపు నుంచే కాదు, వెనక వాగు ఎదురుతన్ని అటు నుంచి కూడా వచ్చాయి. అప్పుడు ఒర్రాను. నా గొంతు ఈ రోజుకూ బొంగురే, ఆనాడే పోయిందని మా అమ్మ అనేది. నా అరుపు విని ఇళ్లలో మిగిలినవాళ్లంతా ఉన్న పళాన బయటపడ్డారు. పెదనాయిన నన్ను భుజాన వేసుకుని ఉరికాడు. మా ఇంటి ముందు నుంచే పోయాం. నాయనమ్మ గడప మీద కూర్చుని ఉంది, ఒడిలో చాట, చాటలో పసుపు బియ్యం. ‘ఉరుకుండ్రి బిడ్డా, నా కొడుకు బండి తెస్తడు’ అన్నది. బండి వచ్చింది, వాగు దాకా. ఎడ్లు నీళ్లలో దిగలేదు. నాయిన దిగబోతే నలుగురు పట్టుకున్నారు. మేమంతా మిట్ట మీద నిలబడి ఉన్నాం, పట్టపగలు, అంతా కనబడుతోంది. మా ఇంటి కప్పు ఒక పక్కకు ఒరిగి మెల్లగా కూర్చున్నట్టు కూర్చుంది. చప్పుడు మా దాకా రాలేదు.

ఆ తర్వాత పెదనాయినే ఊరంతా చెప్పాడు, ఈ పిల్ల ఒర్రకపోతే అందరం పోయేటోళ్లమని. పేపరువాళ్లకూ అదే చెప్పాడు. నన్ను పుల్లపిల్ల అన్నారు. పెద్దయినా, పెళ్లయినా మా ఊరివాళ్లకు నేను పుల్లపిల్లనే. నాయిన మాత్రం ఒక్కనాడూ ఆ మాట అనలేదు. ఎవరైనా పుల్ల ఊసెత్తితే లేచి పశువుల దగ్గరికి పోయేవాడు. ఆయనకు తెలుసో తెలియదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇంటాయనకూ నేను చెప్పలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఒక్క చాప మీద పడుకున్న మనిషి, పామాయిల్ గెలల ట్రాక్టర్ తోలి తోలి వచ్చి అన్నం పెట్టమనేవాడు, నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చింది, అన్నంతో పాటు మింగేశాను. ఆయన పోయాక చెప్పడానికి మనిషే లేడు.

మొన్న చలికాలంలో సినిమావాళ్లు కారు పెట్టుకుని వచ్చారు, ఆ వరద మీద సినిమా తీస్తున్నాం, మీ కథే ప్రాణమని. డైరెక్టర్ చిన్నవాడే, మర్యాదస్తుడు. ఒడ్డున గుంత తవ్వి, మోటర్లతో నీళ్లు నింపి, మా ఊరిని మళ్లీ కట్టాడు. పొయ్యి ఉంది, రోలు ఉంది, చాట కూడా ఉంది. కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి కథంతా చెప్పాడు. పిల్ల పుల్ల పాతుతుంది, నీళ్లు చూసి అరుస్తుంది, ఊరు బతుకుతుంది.

‘మా నాయనమ్మేది సారూ?’ అన్నాను.

‘పెద్దావిడ పాత్ర తీసేశామమ్మా. ఆమెను చూపిస్తే ఎందుకు వదిలేశారని జనం అడుగుతారు.’

‘అడగనియ్యి.’

అప్పుడు చెప్పాను, ఇన్నేళ్లకు మొదటిసారి, ముక్కూమొహం తెలియని మనిషికి. వాళ్లు నవ్వింది, నేను పుల్ల పీకింది, అబద్ధమాడింది, అంతా. ఆయన తల మీది టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని విన్నాడు. చాయ్ చల్లారిపోయింది.

‘ఇది పెడితే ఆ పిల్లను ఎవరూ క్షమించరమ్మా’ అన్నాడు చివరికి.

‘క్షమించుమని నేనడిగిన్నా సారూ? నాయనమ్మ ఉండె అని చూపెట్టుమంటున్న.’

చూద్దామన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

నా వేషం వేసిన పిల్ల పట్నం పిల్ల, ముందు పళ్లు అప్పుడే వస్తున్నాయి. పుల్ల తీసుకుపోయి నీళ్ల నడుమ గుచ్చింది. నేను పోయి చూపించాను, నడుమ కాదు బిడ్డా, అంచున అని. ‘అమ్మమ్మా, నువ్వు నిజంగా ఇలాగే చేశావా?’ అంది. లేదు బిడ్డా, నేను పీకిన, అన్నాను. ఎందుకన్నది. నవ్వుతరని, అన్నాను. ఆ పిల్ల స్కూల్లో తనను చూసి నవ్వినవాళ్లు ఎవరో గుర్తొచ్చినట్టు పుల్లవైపు చూస్తూ నిలబడింది.

కెమెరా తిరిగింది. నీళ్లు వదిలారు. పిల్ల అరవాలి, అరవలేదు. వంగి పుల్ల పీకింది. రెండడుగులు వెనక్కి వచ్చి, కొత్త అంచున పాతి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి, చెయ్యి గౌనుకు తుడుచుకుంది. నేను ఆనాడు చెయ్యి తుడుచుకున్నానని ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లకు ఎట్లా తెలిసిందో.

డైరెక్టర్ వెంటనే ఆపమనలేదు. తర్వాత మెల్లగా ‘కట్’ అన్నాడు. నా వైపు చూడలేదు. మళ్లీ తీద్దామన్నాడు. ఈసారి పిల్ల అరిచింది, అందరూ చప్పట్లు కొట్టారు.

సినిమా ఎండాకాలంలో వచ్చింది. ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి, ఏమే పుల్లపిల్లా, సినిమాల పడ్డవంట గదా, అని ఒకటే సంబరం. ఇది రాసిపెడుతున్న ఈ అమ్మాయి ఫోన్లోనే చూశాను. మా గడప కనబడింది, దాని మీద ఎవరూ లేరు. పిల్ల పుల్ల పీకిన ముక్క లేదు. తీసిపారేసినవి ఎక్కడ పెడతారో, పెడతారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు గోదారి పెరిగితే ఫోన్లకు కబురు వస్తుంది, మైకులో మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని చెబుతారు, మంచిదే. అంచున పిల్లల్ని ఎవరూ కూర్చోబెట్టరు. పాత ఊరి జాగాలో ఇప్పుడు మిరపతోట. ఒడిబియ్యం పోసేవాళ్లు లేరు. పేలపిండి షాపులో ప్యాకెట్లో దొరుకుతోంది. మొన్న ఏకాదశికి తెచ్చి, తలుపు దగ్గరికి వేసి, నోట్లో పోసుకుని ‘వెంకమ్మ’ అన్నాను. పిండంతా నా చీర మీదనే పడింది.