పడవ అమ్మిన అక్కతో ఆదోనికి

ఉదయం ఎనిమిదిన్నరకు ఎమ్మిగనూరులో ఆదోని బస్సు ఎక్కాం, నేనూ మా అక్క శాంతమ్మా. అక్కా బావా కేరళ కాలువల్లో ఏళ్ల తరబడి పాత పడవలోనే కాపురం ఉన్నారు. బావకు మోకాళ్లు పోయాక దాన్ని మంచి ధరకు అమ్మి వచ్చేశారు. ఆ డబ్బుతో ఆదోనిలో రెండు గదుల ఇంటికి బయానా ఇచ్చారు. ఇంతలో, మూడు వారాల కిందట, అక్కడి ట్యాక్సు కన్సల్టెంటు పడవ అమ్మిన లాభం మీద పన్ను కట్టాలని బెదరగొట్టాడు. కడితే ఇంటికి చాలదు. అక్క భయపడి ఆగిపోయింది, మిగతా డబ్బు కట్టే గడువు దాటి రెండు రోజులైంది. ఈలోగా నేను మా ఊరి గ్రంథాలయంలో పన్ను పుస్తకాలన్నీ చదివాను.

ఆడవాళ్లకు బస్సు ఉచితం. అయినా కండక్టరు అక్క ఆధార్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"కేరళ పడవల జెట్టీ అడ్రసు ఉందమ్మా. మన రాష్ట్రమోళ్లకే ఫ్రీ."

"ఎమ్మిగనూరులోనే పుట్టినానప్పా!"

"నువ్వు సెప్తే కాదు, కార్డు సెప్పాల."

టికెట్ కొన్నాం. పక్కన పత్తి యార్డుకు పోయే రైతు అక్క పడవ కథ విని నవ్వాడు. "ఈడ తాగేదానికే నీళ్లు లేవు, నువ్వు నీళ్ల మీద సంసారం చేసినావా తల్లీ!"

"దోమల సంగతి అడగవేమన్నా?" అంది అక్క.

తొమ్మిదిన్నరకు ఆదోనిలో దిగాం. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జి బాగున్నాయి, వెళ్లేవాళ్లు తినండి. పదకొండుకు గానీ కన్సల్టెంటు ఆఫీసుకు రాలేదు.

"ఇల్లు అమ్మి ఇల్లు కొంటే మినహాయింపు ఉంది కదా సార్?" అన్నాను.

"అది ఇంటికి. మీది పడవ. పునాది ఉందా?"

"అయితే పడవే. సొంతానికి వాడుకునే కదిలే వస్తువు అది. అలాంటిది అమ్మితే, నగలూ కళాఖండాలూ కాకపోతే, లాభానికి పన్నే లేదు."

"బాడుగకు తిప్పినారా?"

"ఒక్క దినమూ లేదు," అంది అక్క.

"కాపురం ఉన్నారు, ఆధార్ అడ్రసు కూడా ఆడిదే. వస్తువెట్లయితాది? ఇల్లే!"

అక్క నాకంటే ముందే లేచింది.

"మినహాయింపుకు పడవ అంటివి, పన్నుకు ఇల్లు అంటివి. ఏదో ఒకటి అను సార్!"

అతను విసుగ్గా కర్నూలు ఆడిటరుకు ఫోన్ చేశాడు. "సొంత వాడకమే కదా? పన్నెందుకు?" అందా గొంతు. ఈ ఒక్క ఫోన్ మూడు వారాల కిందటే చేసి ఉండాల్సింది. క్షమించమనలేదు, సలహా ఫీజు మాత్రం మళ్లీ తీసుకున్నాడు.

ఆటోలో ఆ ఇంటికి పరుగెత్తాం. యజమాని బయానా తిరిగి అక్క చేతిలో పెట్టాడు. "నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చినామమ్మా. ఎన్నాళ్లని చూసేది?"

అక్క ఆ ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసి ఆటో ఎక్కింది.

రెండుకు తిరుగు బస్సు. చట్టం చదివితే చాలనుకునేవాణ్ణి. దాన్ని చదవకుండానే చెప్పి, చెప్పినందుకు ఫీజు తీసుకునేవాళ్లు ఉన్నారని ఏ పుస్తకంలోనూ లేదు. దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

ఈ కండక్టరు మంచివాడు. కార్డు చూసి మెల్లగా అన్నాడు. "ఊరికే డబ్బులు పోతాండాయి కదమ్మా. అడ్రసు మార్పించుకో."

అక్క టికెట్ డబ్బులు అతని చేతిలో పెట్టింది.

"యాడికని మార్పించుకోవాలప్పా?"