ముట్టుకునే ముందు

దువ్వూరు నుంచి తొలి బస్సుకు ప్రొద్దుటూరు వచ్చే హెప్సిబా, మంచం పట్టిన రుక్మిణి టీచరమ్మ గదిలోకి ఎన్నడూ చటుక్కున దూరిపోదు. గడప దగ్గర నడుము వంచి, మంచానికి మూరెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చుంటుంది. జపానులో ముసలివాళ్లకు సేవ చేసే పనికి వెళ్లాలని నేర్చుకుంటున్న పద్ధతి అది. ఎదుటి మనిషి సరే అననిదే ఒంటి మీద చెయ్యి వేయరాదు. చెంప తుడవాలన్నా అడుగుతుంది.

"టీచరమ్మా, భుజం పట్టుకుంటాండా, సరేనా?"

"ఎన్నిమార్లు అడుగుతావే పాపా! పిలకాయల చెవులు పిండేటప్పుడు నేను ఒక్కనాడన్నా అడిగితినా? సరే, పట్టుకో" అని ఆమె నవ్వేది.

నాలుగు రోజులుగా ఆ జవాబు ఆలస్యంగా వస్తోంది. నిన్న ఒట్టి "ఊఁ" మాత్రమే వచ్చింది.

ఈ ఉదయం హెప్సిబా అడిగింది. జవాబు లేదు. ప్రభువును తలుచుకుని మళ్లీ అడిగింది. దుప్పటి అంచు మీద టీచరమ్మ వేళ్లు కదల్లేదు.

"అమ్మ లేచిందా పాపా? కాఫీ తెచ్చేదా?" వంటింట్లోంచి కొడుకు అనిరుధ్ కేకేశాడు.

ముట్టుకుంటే తెలిసిపోతుంది. హెప్సిబా చాచిన చేతిని వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది.

"ఇంకా సరే అనలేదన్నా" అంది.