గురువారం కూడికలో టెన్నిస్ పిల్ల

నా జన్మలో టెన్నిస్ రాకెట్‌కి దగ్గరగా నేను పట్టుకున్న వస్తువు దోమల బ్యాటు ఒక్కటే. దాంతోనైనా పేరు తెచ్చుకున్నానా అంటే అదీ లేదు. మొదటి దెబ్బ గాలికి, రెండో దెబ్బ నా మోకాలికి. దోమ మాత్రం ఆ గోడ నుంచి ఈ గోడకి తీరిగ్గా తిరిగి, మ్యాచ్ గెలిచి, నా చెవి దగ్గరకొచ్చి ఆ మాట చెప్పి మరీ పోయేది. అలాంటివాణ్ణి, ప్రపంచంలో ఎక్కడ ఏ అమ్మాయి సర్వీసు గాడి తప్పినా, నరసాపురంలో డాబాల మీద డిష్‌లు బిగించుకుంటూనే తప్పు భుజంలో ఉందో మడమలో ఉందో తేల్చిపారేసేవాణ్ణి. తొమ్మిదో తరగతి మధ్యలో వదిలేసినవాడికి ఇలాంటి విషయాల్లో ధైర్యం కాస్త ఎక్కువే ఉంటుంది.

ఆడవాళ్ల టెన్నిస్ చూసేవాళ్లు మా గోదావరి జిల్లాల్లో ఉన్నారంటే ఎవరూ నమ్మరు. ఉన్నాం. ఫోన్లో మాకో గ్రూపు కూడా ఉంది. కొవ్వూరులో ఒక బ్యాంకు క్లర్కు, తునిలో ఒక మందుల షాపాయన, భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒకాయన, ఇంకా అలాంటివాళ్లు కొందరు. ఒకమ్మాయి పెద్ద కప్పు గెలిచిన వారం అందరి డీపీల్లోనూ ఆ అమ్మాయే నవ్వుతుంటుంది. తర్వాత రెండు టోర్నీల్లో మొదటి రౌండుకే ఇంటికెళ్లిందా, మాడిపోయిన బల్బు మార్చినంత తేలిగ్గా బొమ్మ మార్చేస్తారు. దాని పనైపోయిందంటారు. పెళ్లి చేసుకుని కూర్చోమంటారు. మగాడు ఏడాది పొడుగునా ఓడిపోతే గాయం, ఆడపిల్ల ఓడిపోతే పొగరు. ఈ లెక్క మా గ్రూపులో బ్యాంకు క్లర్కు దగ్గర్నుంచి అందరికీ నోటికొచ్చు. నేనేం తక్కువ తినలేదు. నాది ఎప్పుడూ గెలిచేవాళ్ల పార్టీ. అందుకే ఇప్పటిదాకా నేను ఓడిపోయిన మ్యాచ్ అంటూ లేదు.

మా అక్క అలా కాదు.

అక్క నాకంటే చాలా పెద్దది. పిల్లల్లేరు. గోదావరి మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపే బావ పోయాక చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉంటూ ఏజెంటుకి లేసు అల్లి ఇస్తుంది. సీరియల్ చూస్తూ లేసు అల్లడం కుదరదంటుంది. సీరియల్లో ఎవరు ఏడుస్తున్నారో తలెత్తి చూడాలి కదా, అంతలో పువ్వులో ఒక కన్ను తప్పిపోతుంది. టెన్నిస్ అయితే తల వంచుకునే చూడొచ్చు. బంతి చప్పుడు ఒక పక్క, మళ్లీ రెండో పక్క, మధ్యలో జనం ఊపిరి బిగబట్టడం, తర్వాత చప్పట్లో నిట్టూర్పో. నేనే ఆవిడ డిష్‌లో ఆ చానల్ పెట్టి, ఆట నేర్పాను. పదిహేను, ముప్పై, నలభై అని చెబితే, ముప్పై తర్వాత నలభై అయిదు రావాలి కదరా అంది. నిజమే గానీ ఎందుకు రాదో నాకూ తెలియదన్నాను. మధ్యలో లేసు ఏజెంటు ఎవడో ఉండుంటాడ్లే, ఆ అయిదూ వాడు నొక్కేశాడు అని సూది ఆపకుండానే తేల్చేసింది.

ఆవిడకి ఒక పిల్ల నచ్చింది. ఏ దేశమో ఆ పేరు అక్కకి నోరు తిరగదు. పొడుగు పిల్ల. చిన్న వయసులోనే పెద్ద కప్పు గెలిచి, కప్పు చేతికిస్తుంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. ఆ నిలబడటం చూసి అక్క ఆ పిల్లని సొంతం చేసుకుంది. మరుసటి ఏడు ఆ పిల్ల సర్వీసు పాడైపోయింది. బంతి పైకి విసురుతుంది, కొట్టకుండా చేతిలోకి దించుకుంటుంది, మళ్లీ విసురుతుంది, నెట్‌కి కొడుతుంది. ర్యాంకు లేనివాళ్లూ, ముందు రోజు దాకా ఎవరికీ తెలియనివాళ్లూ వచ్చి కొట్టేసి పోవడం మొదలుపెట్టారు. ఓడించినవాళ్లకి అది జీవితంలో ఒక్కసారి వచ్చే సంచలనం. ఈ పిల్లకి మాత్రం వారం వారం అదే. మా గ్రూపులో అందరూ డీపీ మార్చేశారు. అక్కకి డీపీ లేదు కాబట్టి మార్చడానికేమీ లేకపోయింది.

అందుకని ఆవిడ ఒక పని చేసింది. మా చర్చి స్త్రీలు గురువారం పెట్టుకునే ప్రార్థన కూడికలో లేచి నిలబడి ఆ పిల్లని ప్రార్థన అంశంగా పెట్టింది.

మా కూడికలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా లేచి ఒక అంశం చెప్పారంటే, అది నెరవేరిందని వాళ్లే మళ్లీ లేచి సాక్ష్యం చెప్పేదాకా ప్రతి గురువారం అందరూ కలిసి దానికోసం ప్రార్థన చెయ్యాలి. చెప్పినవాళ్లు తప్ప ఇంకొకరు దాన్ని తీసెయ్యడానికి లేదు. ఉద్యోగాలు, కాన్పులు, కోర్టు కేసులు, తాగుబోతు మొగుళ్లు, అన్నీ అలా వచ్చి కొన్నాళ్లుండి వెళ్లిపోతుంటాయి. అక్క ఏమీ దాచలేదు. టీవీలో టెన్నిస్ ఆడే అమ్మాయండీ, చెయ్యి పట్టు తప్పింది, మనసు కుదురు తప్పింది, మీరందరూ తల్చుకోవాలి అంది. మొదటి వారం ముసిముసిగా నవ్వుకుంటూనే ప్రార్థించారు. రెండో నెలకి నవ్వు పోయింది. ఆ పిల్ల ఎక్కడా రెండో రౌండు దాటదు. దాటకపోతే అక్క సాక్ష్యం చెప్పదు. చెప్పకపోతే అంశం పోదు. కూతురికి కడుపు పండాలని వచ్చినావిడ, మొగుడి కిడ్నీల కోసం వచ్చినావిడ మోకాళ్ల మీద కూర్చుని, పరాయి దేశపు పిల్ల బంతి నెట్ దాటాలని కళ్లు మూసుకోవాలి.

కూడిక నడిపేది రిటైరైన టీచరమ్మగారు. ప్రార్థనంటే సరదా వ్యవహారం కాదండీ, ఆ అంశం తీసేసుకోండి అని అక్కకి రెండుమూడుసార్లు మర్యాదగానే చెప్పారు. ఓడిపోతుంటే ఎలా తీస్తానండి అంది అక్క.

ఇక్కడ నేను ఒకటి చెప్పాలి. అంతకు కొన్నాళ్ల ముందు, క్రికెట్ ఫైనల్ జరిగిన ఆదివారం, మా చర్చిలో ప్రసంగం సగానికి తగ్గింది. మగవాళ్ల జట్టు గెలవాలని అందరం నిలబడి ప్రార్థన చేశాం. టీచరమ్మగారు కళ్లొత్తుకున్నారు కూడా. మధ్యాహ్నం వాళ్లింట్లో వీధి వీధంతా కూర్చుని ఆట చూసింది. ఆ డిష్‌కి క్రికెట్ ప్యాకేజీ వేసింది నేనే. జట్టు ఓడిపోయింది. అది సరదా వ్యవహారమని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

కూడిక ఇంటింటికీ తిరుగుతుంది. బావ పోయాక అక్క ఇంటి శ్లాబు కారుతోందని ఆవిడ వంతు దాటిపోతూ వచ్చింది. ఆ వేసవికి శ్లాబు బాగు చేయించుకుని, ముందుగదికి సున్నం కొట్టించుకుని, నా వంతు నాకివ్వండి అని అడిగింది. ఇచ్చారు. బావని సాగనంపిన రోజు తర్వాత ఆ ఇంట్లోకి అంతమంది మనుషులు రాలేదు. ఆవిడకి కావలసింది అదేనని నాకు తెలుసు. ఒక్క సాయంత్రం ఆ గదిలో చెప్పులు విప్పడానికి చోటు చాలక, జనం గుమ్మం బయట విప్పుకోవాలి.

ఆ గురువారమే ఎర్రమట్టి కోర్టుల టోర్నీలో ఆ పిల్లది రెండో రౌండు. అంతకు రెండు రోజుల ముందు మొదటి రౌండు ఎలాగో గట్టెక్కింది. అక్క మొహం వెలిగిపోయింది. ఇవాళ గెలిస్తే మా ఇంట్లోనే, అందరి ముందూ సాక్ష్యం చెప్పేస్తానురా, వాళ్లకీ బరువు దిగుతుంది అంది. గెలవాల్సిన మ్యాచే. అవతల ఉన్నది క్వాలిఫయింగ్ ఆడి వచ్చిన ఒక కొత్తమ్మాయి.

షామియానా షాపు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు నేనే తెచ్చి వేశాను. ఫ్లాస్కుల్లో టీ, పళ్లెంలో బిస్కెట్లు, వాటి మీద అక్క సొంతానికి అల్లుకున్న లేసు గుడ్డ. ఏజెంటుకి పోకుండా ఇంట్లో మిగిలిన లేసు అదొక్కటే. కూడిక వేళకి మొదటి సెట్టు మన పిల్లదే. అక్క టీవీ కట్టేసింది. ప్రార్థన జరుగుతుంటే ఆట పెట్టనంది. నేను మాత్రం ఫోన్లో స్కోరు చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

ఎవరూ రాలేదు.

చాలాసేపటికి వీధి చివర నుంచి ఒక మామ్మగారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. వినపడదు, ఫోను లేదు. ముందు కుర్చీలో కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుని తిన్నారు. అందరూ ఏరమ్మా అని అడిగారు. అక్క వస్తారండి అని గట్టిగా చెప్పింది. మామ్మగారికి వినపడాలని గట్టిగా చెప్పిందో, వీధిలోకి వినపడాలని చెప్పిందో నాకు తెలియదు. నేను కూడికకి వెళ్లే మా పిన్ని కూతురికి ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. ఎండలు మండిపోతున్నాయని కూడిక టీచరమ్మగారింటికి మార్చారట. అక్కడ ఏసీ ఉంది కదా. పొద్దున్నే అందరికీ మెసేజ్ పెట్టారట.

అక్కకి చెప్పాను. ఆ మాట ఆవిడే మామ్మగారి చెవిలో గట్టిగా చెప్పింది. మామ్మగారేమో తనని అందరూ ఉన్న చోట దింపమన్నారు. నెలకోసారి వచ్చే పింఛను తప్ప ఆవిడకి బయట ప్రపంచం ఆ కూడికే, కోపం తెచ్చుకోవడానికేం లేదు. అక్కే దగ్గరుండి నా బండి ఎక్కించింది, కొంగులో నాలుగు బిస్కెట్లు కట్టి మరీ.

టీచరమ్మగారింటి వరండా నిండా చెప్పులే. తలుపు తీసి మామ్మగారిని లోపలికి పంపి, టీచరమ్మగారు నా వైపు తిరిగారు.

"అక్కగారు రాలేదేంటి బాబూ? మెసేజ్ పెట్టాం కదా."

"మా అక్కకి రాలేదండి. మామ్మగారికీ రాలేదు. ఊరంతటికీ ఎండ తగిలి, వీళ్లిద్దరికే తగల్దనుకున్నారేమోనండి."

ఆవిడ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"వెటకారాలొద్దు. ముందు ఆ అంశం తీసెయ్యమను, వచ్చే వారమే మీ అక్క ఇంట్లో పెడదాం. లోపలికి చూడు, ఒకళ్లకి బిడ్డల్లేరు, ఒకళ్లాయనకి కిడ్నీలు పోయాయి. వాళ్ల కన్నీళ్ల పక్కన బంతాట పెడితే ఎలా బాబూ?"

"క్రికెట్ ఫైనల్ రోజు కిడ్నీలు ఏ పక్కన పెట్టారండి?"

"అది దేశం."

"ఆ రోజు దేశం కూడా ఓడిపోయింది కదండి. మరి ఆ అంశానికి సాక్ష్యం ఎవరు చెప్పారు?"

లోపల ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. టీచరమ్మగారు తలుపు మీద చెయ్యి వేశారు.

"చల్లగాలి పోతోంది బాబూ" అని తలుపు వేసేశారు.

మాటలో నేనే గెలిచాను. నా జోకులన్నీ అంతే, బయట నిలబడి గెలుస్తాయి. లోపల పాట మొదలైంది. అందరూ కలిసి బాగానే పాడారు.

తిరిగొచ్చేసరికి అక్క టీవీ పెట్టుకుని, ఆ కుర్చీలన్నిటి మధ్యా ఒక కుర్చీలో కూర్చుని లేసు అల్లుతోంది. రెండో సెట్టు పోయింది. మూడోదీ పోతోంది. పిల్ల బంతి పైకి విసురుతోంది, దించుకుంటోంది. స్టేడియంలో జనం అప్పటికే కొత్తమ్మాయి పక్షం అయిపోయారు. చివరి పాయింటు డబుల్ ఫాల్టు, రెండు సర్వీసులూ నెట్‌కే. నెట్ చప్పుడు రెండుసార్లు వినపడింది, అక్క సూది రెండుసార్లు ఆగింది. కొత్తమ్మాయి ఎర్రమట్టిలో బోర్లా పడి ఏడ్చింది. కెమెరా అంతా అటే పోయింది. మన పిల్ల సంచీ సర్దుకోవడం ఓ మూల కాస్త కనపడి మాయమైంది. గ్రూపులో బ్యాంకు క్లర్కు అప్పటికే ఏదో వెకిలి బొమ్మ పెట్టాడు. దానికి వరసగా నవ్వులు.

నేను కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చడం మొదలుపెట్టాను. వాటి చప్పుడు నాకే భరించలేనట్టుగా ఉంది. నాకు ఏడవడం చేతకాదు కాబట్టి నోరు విప్పాను.

"అక్కా, ఇన్ని నెలల్నుంచీ మోకాళ్లరిగేలా ప్రార్థన చేస్తున్నావ్, ఆ పిల్ల రెండో రౌండు దాటలేదు. దేవుడి డిష్‌లో కూడా క్రికెట్ ప్యాకేజీయే ఉన్నట్టుంది. ఆ ఒక్క పేరు తీసెయ్యరాదూ? వచ్చే గురువారం అందరూ వస్తారు."

అక్క తల ఎత్తలేదు. పువ్వు ముడి వేసి, దారం పంటితో తెంపింది.

"నీ కోసం అంతకన్నా ముందు నుంచే చేస్తున్నానురా. నువ్వేం గెలిచావని? నీ పేరు తీసేశానా?"