అనసూయ టీచర్ కొట్టేసిన వాక్యం

మొన్న నాంపల్లి స్టేషను ముందు నుంచి నడిచి వస్తుంటే ఒక వెల్డింగు దుకాణంలో నీలం వెలుగు చిటపటలాడింది. ఘాటైన వాసన ముక్కుకు తగలగానే తల పక్కకు తిప్పుకున్నాను. ఆ వెలుగును సూటిగా చూడొద్దని నాకు పదిహేనో ఏట చెప్పింది అనసూయ టీచర్. 1940ల మొదట్లో, నిజాం పాలనలో, మా ఆడపిల్లల బడిలో ఆమె సైన్సు చెప్పేవారు.

పాఠం ఉర్దూలో చదివేవారు, అర్థం తెలుగులో చెప్పేవారు. "పుస్తకం సర్కారుది, బుర్ర మీది" అనేవారు. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. ప్రయోగం అయ్యాక ఎవరినీ వెంటనే రాయనిచ్చేవారు కాదు. వరండాలో వరుసగా నిలబెట్టి, చేతిలో పుస్తకం లేకుండా, చూసిందేమిటో ఒక్కొక్కరి చేత చెప్పించేవారు. ఎవరైనా పాఠం అప్పజెప్పబోతే, "చదివింది నాకు ఎరికే. చూసింది చెప్పు" అని ఆపేసేవారు. అప్పుడే రికార్డు పుస్తకంలో రాయాలి, కింద ఆమె సంతకం పెట్టాలి. ఆ సంతకాలన్నీ ఉంటేనే మెట్రిక్ పరీక్షకు పంపేవారు.

ఒకసారి గాజు ముక్కకు దీపం మసి పట్టించి, రెండు బ్లేడులు కలిపి పట్టుకుని దాని మీద సన్నటి గీతలు రెండు గీశారు. వాటిలోంచి దీపాన్ని చూస్తే రెండు గీతలు కనబడాలి కదా? పక్కపక్కన ఎన్నో చారలు, ఒకటి వెలుగు, ఒకటి చీకటి! బావిలో రెండు రాళ్లు వేస్తే లేచే అలలు కొన్నిచోట్ల కలిసి పెరుగుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి అణచుకుంటాయి, వెలుగు కూడా అంతేనని చెప్పారు. వెలుగంటే అల. నాకు ఆ ముక్క సులువుగా మనసుకెక్కింది.

చివరి ప్రయోగం దగ్గర తిరకాసు వచ్చింది. గాజు సీసాలో రెండు బంగారు రేకులు, సీసా పైన ఒక జింకు పలక. విద్యుత్తు ఎక్కిస్తే రేకులు విడిపోతాయి. పలక మీద వెలుగు పడితే మళ్లీ దగ్గరపడతాయని పుస్తకంలో ఉంది. మేము బడిలో ఉన్న పెద్ద దీపం పెట్టాం. రేకులు కదల్లేదు. మిగతా పిల్లలు "కదలలేదు" అని రాశారు. క్లాసులో మొదటిదాన్ని నేను, నేను తప్పు రాస్తానా? "రేకులు దగ్గరపడినవి" అని గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టాను. అందరి పుస్తకాల్లో సంతకం పడింది, నా పుస్తకంలో తప్ప.

"చూడనిదానికి నేనెట్ల దస్కత్ చేయాలె, కమలా?"

ఈ ఏడు పరీక్షకు కూర్చోకపోతే ఇక చదువు చాలని నాయన ముందే తేల్చి చెప్పాడు. ఏడుపు కాస్తా కోపమైంది. "పుస్తకంల గట్లనే ఉన్నది గదా! అయితే చూపియ్యండి" అనేశాను. ఆమె నన్ను తిట్టలేదు. ఆలోచనలో పడ్డారు.

శుక్రవారం, బడి సెలవునాడు పొద్దున్నే ఆ సీసాను చీర కొంగులో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"అన్నా, పిల్లను ఆబిడ్స్‌ల సినిమా హాలుకు తీస్కపోత."

నాయన నోరు తెరిచాడు. "సినిమాకా? ఏంది టీచరమ్మా, నలుగురు వింటే ఏమంటరు?"

"సినిమాకు గాదు, ఆడ దీపం కాడికి. మీరు గూడ రాండ్రి."

నమ్మకం లేకనే నాయన మా వెంట వచ్చాడు. ఆపరేటర్ కరీం మియా బొమ్మ వేసే యంత్రం పక్క తలుపు తెరిచాడు. లోపల రెండు బొగ్గుకడ్డీల మధ్య నీలం వెలుగు బుసకొడుతోంది. "సూటిగ చూడకుండ్రి" అంటూ టీచర్ జింకు పలకను గరుకు కాగితంతో రుద్ది, విద్యుత్తు ఎక్కించి, సీసాను అక్కడ పెట్టారు. నేను రెప్ప వేయలేదు. రేకులు మెల్లగా వాలి అతుక్కుపోయాయి. మళ్లీ విద్యుత్తు ఎక్కించి విడదీసి, ఈసారి మధ్యలో కిటికీ అద్దం అడ్డుపెట్టారు. రేకులు విడివిడిగానే ఉండిపోయాయి.

"వెలుగు అంతనే ఉన్నది గదా, ఏమైంది?" అన్నాడు నాయన నాకంటే ముందే.

"కంటికి కనబడేదంత వచ్చిందన్నా. కనబడని వెలుగొకటి ఉంటది, దాన్ని అద్దం ఆపింది. వెలుగు కణాలు కణాలుగ వస్తదంటరు. కనబడనిదాంట్ల ఒక్కొక్క కణానికి బలమెక్కువ. బలం లేనియి ఎన్ని వచ్చినా పలక మీది విద్యుత్తును ఊడగొట్టలేవు, అది పోతెనే రేకులు వాల్తయి. బడి దీపం గందుకే పనిచెయ్యలే."

"మరి మొన్న అల అంటిరి! అలనా, కణమా, టీచర్?"

"నాకు తెల్వది బిడ్డా. రెండూ చూసినం. రెండూ రాయి."

టీచర్ అన్నవాళ్ల నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.

అక్కడే మెట్ల మీద కూర్చుని నా పుస్తకం తెరిచారు. పేజీ చింపుతారనుకున్నాను. పాత వాక్యం మీద ఒక్క గీత గీసి, ఆ రోజు చూసింది కింద రాయించి, సంతకం చేశారు. తరువాత పెన్ను నాయన చేతికిచ్చారు. "మీరు గూడ చూసిన్రు గదా. సాక్షి." నాయన ధోవతికి చెయ్యి తుడుచుకుని మరీ సంతకం పెట్టాడు. ఇక చదువు మాన్పించే మాట మా ఇంట్లో రాలేదు.

తరువాత ముప్పై ఏళ్లు దవాఖానలో రక్తపరీక్షలు చేశాను. కళ్లతో చూడనిది రాయనన్నందుకు మొండిదనే పేరు తెచ్చుకున్నాను, ఇద్దరు డాక్టర్లతో పోట్లాడాను కూడా. మొన్న నాంపల్లి నుంచి ఇంటికి వచ్చి ఆ రికార్డు పుస్తకం తీశాను. టీచర్ సంతకం సిరా వెలిసిపోయింది, నాయనది సగమే మిగిలింది. ఆ కొట్టివేత గీత కింద నేను రాసిన అబద్ధం మాత్రం ఇప్పటికీ అక్షరం పోకుండా చదవడానికి వస్తోంది.