చీకటి పడితే ఆపిన ఆట

బోగోలు బస్సులో నా పక్కన కూర్చున్న రైతుకు, ఆయన అడక్కపోయినా, నా జ్ఞానం పంచిపెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అమెరికాలో జరిగిన ప్రొఫెషనల్ బేస్‌బాల్ మ్యాచ్ గురించి. స్కోర్లు సమానమై, అదనపు ఇన్నింగ్స్ ఒకదాని తర్వాత ఒకటి ఆడుతూనే పోయారు.

"ఎవురు గెలిచినారన్నా?"

"ఎవరూ గెలవలేదు. చీకటి పడిందని ఆపేశారు."

ఆయన ఎద్దులు బండలాగుడు పందేలకు పోతాయట. "మా పందెంలో ఎద్దు మోకాళ్ళ మీద పడితే కాడి విప్పేస్తాం. తోలేవాడు ఎంత అరిచినా వినం. ఆట ఆపినారు, సరే. యుద్ధం ఎందుకు ఆపలేదు?"

"అది పెద్దవాళ్ళ వ్యవహారం," అన్నాను గంభీరంగా.

"అవునులే. ఆడ పడేది ఎద్దులే గదా, తోలేవాళ్ళు కాదు," అని తువ్వాలు దులుపుకుని దిగిపోయాడు.